కంటికి అక్షరాభ్యాసము

పదిమంది కూర్చున్న చావడిలో ఒక చిత్రపటమును తెచ్చి గోడకు తగిలించినయెడల మొట్టమొదట వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "ఇది ఎవరి బొమ్మ?" శ్రీరామ పట్టాభిషేకమని చెప్పినచో చేతులు జోడింతురు. ఫలానా నాయకుడని చెప్పినచో పోలిక కుదిరినదనియో, కుదరలేదనియో తీర్పు చెప్పుదురు. పేరు తెలిసిన పిమ్మట ఆ పటము వంక మరల చూచువారు అరుదు. చూడవలసిన పని అప్పుడే మొదలైనదని మా మనవి.

సంగీత విషయమున మన అలవాటు ఇట్లు లేదు. రేడియోలో ఒక కీర్తన వినవచ్చినప్పుడు, దాని సాహిత్యము పూర్తిగా బోధపడకపోయినను, ఇది మోహన యనియో, కల్యాణి యనియో గుర్తుపట్టు గృహిణులు మన యిండ్లలో ఎందరో కలరు. తాళము తప్పినచో తొడపై వేయుచున్న చేయి తనంతట తానే ఆగిపోవును. పాటకు మాట ఒక్కటే ప్రాణము కాదని మన చెవి ఏనాడో గ్రహించినది. చిత్రమునకు కథ ఒక్కటే ప్రాణము కాదని మన కన్ను ఇంకను గ్రహింపవలసియున్నది. కథను కొంతసేపు ప్రక్కకు పెట్టి, ఈ చిత్రము ఏయే వస్తువులతో కట్టబడినది, ఆ వస్తువులు ఏ పద్ధతిలో కూర్చబడినవి అని అడుగుటయే చిత్రవిశ్లేషణము. నేటి ప్రసంగమునకు విషయము అదియే.

చిత్రమునకు వస్తువులు స్థూలముగా ఆరని లెక్కింపవచ్చును: రేఖ, ఆకృతి, వర్ణము, వెలుగునీడల తరతమము, గరుకుదనమును నునుపును తెలుపు స్పర్శగుణము, ఖాళీతో కూడిన స్థలము. కూర్పు పద్ధతులును అట్లే కొన్ని కలవు: తూకము, లయ, ప్రమాణము, వైరుధ్యము, ఒక్కచోటికి ఇచ్చు ప్రాధాన్యము, వీటినన్నిటిని ఒక్కటి చేయు ఏకత. ఈ పేర్లు విన్నంతనే ఇది బడిపిల్లల డ్రాయింగు పరీక్షకు సంబంధించిన వ్యవహారమని శ్రోతలు తొలగిపోనక్కరలేదు. పేర్లు క్రొత్తవి గావచ్చును. వీని పని మాత్రము మన పొలములకును కల్లములకును క్రొత్త గాదు.

మాఘమాసపు చివర గుంటూరునుండి నరసరావుపేట మీదుగా వినుకొండ వైపునకు గాని, చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపునకు గాని పోవు బాటసారి ఏమి చూచును? నల్లరేగడి నేలపై విచ్చుకొన్న తెల్లని ప్రత్తిని చూచును. పచ్చని మిరపచేనిలో పండిన కాయను చూచును. కల్లములలో ఎండబోసిన మిరపకాయల ఎఱ్ఱని పరుపులను చూచును. నలుపుమీద తెలుపు ఉన్నప్పుడు ఆమడ దూరమునకును కనబడుట వెలుగునీడల తరతమము చేయు పని. పచ్చని ఆకు ప్రక్కన ఎఱ్ఱని కాయ మండుచున్నట్లు తోచుట విరుద్ధ వర్ణముల పని. ఆ రెండు రంగులును ఒకదాని నొకటి రెచ్చగొట్టును. అదే కాయను తెచ్చి కల్లములోని రాశిమీద వేసినచో వేయింటిలో ఒకటై మరుగుపడును. కాయ మారలేదు, దాని ఎరుపు మారలేదు. ప్రక్కనున్నది మారినది. ఏ రంగుకును ఒంటరిగా విలువ లేదనియు, ప్రక్కనున్న రంగువలననే దాని బలము తేలుననియు చిత్రకారుడు నేర్చు పాఠము ఇదియే గదా!

మన వర్తకులును రైతులును ఈ విద్యలో తక్కువవారు గారు. గుంటూరు మిరపయార్డులో కొనుగోలుదారు బస్తాలో చేయి దూర్చి పిడికెడు కాయలు పైకి తీయును. రంగు చూచును, మెరుగు చూచును, రంగు తేలిపోయిన తాలుకాయలు ఎన్ని కలిసినవో ఒక్క చూపున పసిగట్టును. ప్రత్తి కొనువాడు దూదిని రెండు చేతుల వ్రేళ్ళ నడుమ సాగదీసి పింజ పొడవును, దాని మెత్తదనమును నిర్ణయించును. ఇట్టివారి కంటికి వర్ణభేదము తెలియదని, వ్రేళ్ళకు స్పర్శగుణము తెలియదని ఎవ్వరనగలరు? వారికి లేనిది చూపు గాదు. యార్డులో పనిచేయు ఆ చూపు చిత్రపటము ఎదుట గూడ పనిచేయునన్న నమ్మకము లేదు, అంతియే.

ఇక ధనుర్మాసపు వాకిలి చూడుడు. ఇల్లాలు మొదట చుక్కలు పెట్టును. ఆ చుక్కలు స్థలమును విభజించును. పిమ్మట పిండిని వ్రేళ్ళసందునుండి విడుచుచు చుక్కల చుట్టును మెలిక త్రిప్పును. అది రేఖ. చేయి వణకినచో రేఖ వణకును. చేయి ధైర్యముగా సాగినచో రేఖకు ప్రాణము వచ్చును. ఒక మెలిక నాలుగు దిక్కులందును మరల మరల వచ్చుట లయ. నడుమ గొబ్బెమ్మను నిలిపి దానిపై గుమ్మడిపూవును గ్రుచ్చుట ప్రాధాన్యము. ముగ్గు చెడినదని ఎదురింటి అమ్మ దూరమునుండియే చెప్పగలదు. ఎచ్చట చెడినదో గూడ చెప్పగలదు. చిత్రవిశ్లేషణమనగా ఆమె చేయు ఆ పనికి పేరు పెట్టుటయే.

మా మేనమామగారి ప్రసక్తి ఇచ్చట తేవలసియున్నది. ఆయన మిరప వ్యాపారి. కంటి శుక్లములను చూపించుకొనుటకై చెన్నపట్టణము వచ్చి, వైద్యునికై వేచియుండవలసిన ఒక పూటను ఎట్లు గడపవలెనో తోచక, మాతో కూడ ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకు వచ్చెను. అచ్చట అమరావతి శిల్పములున్న భాగమున, నళగిరి యను మదగజమును బుద్ధుడు లొంగదీసిన కథను చెక్కిన వృత్తఫలకము ఒకటి కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిరి. ఎడమవైపున పురద్వారమునుండి ఏనుగు వెలువడుచున్నది. తొండముతో ఒక మనుష్యుని పట్టి ఈడ్చుచున్నది. జనులు చెల్లాచెదరగుచున్నారు. పై అంతస్తుల గవాక్షములనుండి కొందరు తొంగి చూచుచున్నారు. కుడివైపున అదే ఏనుగు మోకరిల్లినది. దాని యెదుట బుద్ధుడు నిటారుగా నిలిచియున్నాడు.

మామగారు చాలసేపు చూచి అడిగిరి: "ఒరే అబ్బాయ్, ఈ ఏనుగు ఒకటేనా, రెండా?"

"ఒకటే మామయ్యా. ఇక్కడ మదమెక్కి వస్తోంది, అక్కడ లొంగిపోయింది."

"సరే గానీ, ఎడం పక్కంతా తొక్కిసలాటగా ఉంది. కుడి పక్క ఆయన ఒక్కడూ ఊరికే నిలబడి ఉన్నాడు. అయినా ఫలకం ఒక పక్కకి ఒరిగినట్టు లేదే! తూకం ఎట్లా సరిపోయింది?"

శుక్లములు క్రమ్మిన కంటితో ఆయన అడిగిన ఈ ప్రశ్నకంటె మంచి ప్రశ్నను కళాశాలలో సైతము మేము వినియుండలేదు. దానికి సమాధానము కావడిలో కలదు. రెండు బుట్టలును సమానమైనప్పుడు మోయువాడు కావడి బద్ద నట్టనడుమను భుజముపై ఉంచుకొనును. ఇది ముగ్గులోని తూకము వంటిది. ఇటు ఎంతయో అటు అంతయే. ఒక బుట్ట బరువైనప్పుడు భుజమును బరువు వైపునకు జరుపును. తేలికబుట్ట దూరముగా ఉండుటవలన బరువుబుట్టతో సరితూగును. ఆ ఫలకమున జరిగినది ఇదియే. ఏనుగు దేహము, జనుల గుంపు, పురద్వారము ఇవన్నియు బరువుబుట్ట. బుద్ధుడు ఆ వలయపు కుడి అంచున దూరముగా నిలిచిన తేలికబుట్ట. అదిగాక, ఎడమవైపున దేహములన్నియు వాలియున్నవి, వంగియున్నవి, తూలుచున్నవి. ఆ వాలురేఖల గందరగోళమునకు ఎదురుగా నిలువురేఖ ఒక్కటి నిలిచినది. పది వాలురేఖలకు ఒక నిలువురేఖ సమాధానము చెప్పగలదని ఆ శిల్పికి తెలియును.

ఏనుగు రెండు పర్యాయములు వచ్చుటలోను ఇట్టి అర్థమే కలదు. పాటలో పల్లవి మరల వచ్చినప్పుడు మొదటి పల్లవి వలె వినబడదు. నడుమ చరణము మనస్సున పనిచేసియుండును. ఇచ్చటను ఒకే ఆకృతి మరల వచ్చినది గాని, మొదటిసారి పైకెత్తినట్టిది, రెండవసారి క్రిందికి వంగినది. లేచిన గీత వంగిన గీత యగుటయే కథ. బుద్ధుని కరుణను గురించి శిల్పి ఒక్క అక్షరమును చెక్కలేదు. గవాక్షములలోని ముఖములు చూపును పైనుండి మరల క్రిందికి త్రిప్పును. వలయపు అంచు దానిని బయటికి పోనీయదు. కన్ను ద్వారముకడ ప్రవేశించి, గుంపులో నలిగి, బుద్ధునికడ నిలిచి, మరల తిరుగును. కథ తెలియనివాడు సైతము భయము శాంతిగా మారినదని గ్రహించును. కథ పనిచేయకమునుపే కూర్పు పనిచేసినది.

నేడు మనకు కనబడు ఆ లేతపచ్చ ఛాయగల సున్నపురాతిలో వర్ణము లేదు. వర్ణము పనిని చూచుటకు చిత్రములకడకు పోవలెను. మన కల్లముల ఎరుపును మనస్సున నిలుపుకొని, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయమున తలయెత్తి చూచినచో ఆ ఎరుపునకు బంధువు కనబడును. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529 మొదలు 1542 వరకు గల పరిపాలనా కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరుల ఆదరమున వృద్ధిపొందిన ఆలయమది. మండపపు పైకప్పులపై పురాణకథలు చిత్రింపబడినవి. కావి ఎరుపు, పసుపుఛాయలు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఈ కొద్ది వర్ణములతోనే వారు పని నెరవేర్చిరి. నీలము దాదాపు కానరాదు. దేహములు చదునుగా రంగు పూయబడి, నల్లని గీతతో చుట్టబడియున్నవి. ముఖములు పెక్కు ప్రక్కచూపువి.

నీలము లేకపోవుటను, రంగు చదునుగా ఉండుటను కొందరు విమర్శకులు కళాక్షీణతకు గుర్తుగా వ్రాసిరి. అజంతాతో పోల్చి చూచినచో వారి మాటకు కారణము తెలియును. అజంతా మొదటి గుహలోని పద్మపాణి దేహమున వెలుగు మెల్లగా నీడలోనికి జారును; భుజము గుండ్రనిదని, మెడ మెత్తనిదని ఆ తరతమమే చెప్పును. లేపాక్షిలో ఆ జారుడు లేదు. కాని, ఏ వస్తువు లేదో లెక్కించుటతో విశ్లేషణము ముగియరాదు. ఉన్న వస్తువు ఏ పని చేయుచున్నదో అడుగవలెను. చూచువాడు క్రింద నిలిచి తలయెత్తి చూచును. మండపములో వెలుతురు తక్కువ. అట్టిచోట మెత్తని వెలుగునీడలు కంటికి అందవు. గట్టి గీత అందును, చదునైన రంగు అందును. బారుగా నిలిచిన స్త్రీల చీరలలోని చారలు, గళ్ళు, పూవులు ఒకదాని తరువాత ఒకటి వచ్చి కన్నును ముందునకు నడిపించును. కిరాతార్జునీయ కథలోని వరాహపు వీపుగీత ఒక్క ఊపున లేచి దిగును. అజంతా వెలుగునీడలతో పలికినది. లేపాక్షి గీతతోను, వస్త్రముల నమూనాలతోను పలికినది. ఒకదానిని మరియొకదాని కొలపాత్రతో కొలిచినచో రెండింటికిని అన్యాయము జరుగును.

ఇట్లు విడదీసి చూచుట పాశ్చాత్యుల పద్ధతియనియు, మనది రసదృష్టియనియు కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణకు మన గ్రంథములే సమాధానమిచ్చుచున్నవి. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రమున, మార్కండేయుడు వజ్రుడను రాజునకు బోధించుచు, ప్రతిమల రహస్యము తెలియవలెనన్న చిత్రము తెలియవలెననియు, చిత్రము తెలియవలెనన్న నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము తెలియవలెననియు చెప్పెను. చిత్రమున లయ గలదని చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను? కామసూత్రములకు వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు ఆరు అంగములను పేర్కొనెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఆకృతియు, ప్రమాణమును, వర్ణమును ఆ పట్టికలోను ఉన్నవి, ఈ పట్టికలోను ఉన్నవి. భావమును లావణ్యమును మాత్రము మనవారు విడిచిపెట్టలేదు. వస్తువులు లెక్కించుట ముగిసిన తరువాత, ఇవన్నియు కూడి ఏ భావమును పలికించినవి అని తప్పక అడుగవలెనని ఆ రెండు అంగములును మనకు గుర్తుచేయును. కావున రెండు పట్టికలును శత్రువులు గావు; ఒకదాని కొరతను మరియొకటి తీర్చును.

విశ్లేషించినచో రసము చెడునను భయము గూడ నిరాధారము. ఆవకాయలో ఆవపిండి యెంత, ఉప్పెంత, కారమెంత, నూనె యెంత యని తెలిసిన ఇల్లాలికి ఆవకాయ రుచి తగ్గునా? తెలియనివారు రుచి బాగున్నదని మాత్రము అనగలరు. ఆమె ఎందుకు బాగున్నదో చెప్పగలదు, చెడినచో సరిదిద్దగలదు.

ఈ మైదానమున ఇట్టి చూపునకు ఒక పెద్ద ఉదాహరణ కలదు. దుగ్గిరాల సమీపమునగల తుమ్మపూడి గ్రామమున 1914లో జన్మించి, 1999లో పరమపదించిన సంజీవదేవ్‌గారు చిత్రకారులు, కళావిమర్శకులు. యౌవనమున హిమాలయ ప్రాంతములందు సంచరించి, కులూ లోయలో నివసించిన రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్‌తో పరిచయము సంపాదించిరి. పిమ్మట మహానగరములలో స్థిరపడక తుమ్మపూడికే తిరిగివచ్చి, ఆ పల్లెనుండియే రేఖను గూర్చి, వర్ణమును గూర్చి, సౌందర్యమును గూర్చి వ్యాసములును లేఖలును వ్రాసిరి. వారి 'రసరేఖలు', 'రూపారూపాలు' తెలుగు పాఠకులకు తెలిసినవే. పసుపుకొమ్ముల వ్యాపారమునకు పేరుపడిన దుగ్గిరాల ప్రక్కన కూర్చుండి ఒకరు ప్రపంచ చిత్రకళను గూర్చి తెలుగులో ఆలోచింపగలిగిరన్నచో, ఆ ఆలోచనకు మన నేల పరాయిది గాదని స్పష్టము.

అయినను, చిత్రము చూచుట తెలిసిన నేమి, తెలియకున్న నేమి, దీనివలన కలుగు లాభనష్టములేమి యని శ్రోతలు అడుగవచ్చును. దీనికి అమరావతి దిబ్బయే సమాధానము చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో క్రొత్త పట్టణము కట్టించుచున్నప్పుడు రాళ్ళకొరకు ఆ దిబ్బను త్రవ్విరి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి ఆ శిల్పములను చూచెను. 1816లో ఆయన మరల వచ్చి తన పరివారముచేత ఫలకముల బొమ్మలను గీయించుటకు పూనుకొనునప్పటికి దిబ్బ చాలవరకు చెదరియుండెను. కొన్ని ఫలకములు కట్టడములలో కలిసినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి. పల్నాటి సున్నపురాయి గనుక సున్నమునకు చక్కగా పనికివచ్చినది. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వి తీసిన శిల్పములు మద్రాసు చేరి, వాటిలో నూటికి పైగా 1859లో లండనునకు తరలినవి. నేడు బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి అవియే. మెకంజీ గీయించిన బొమ్మలు బ్రిటిషు లైబ్రరీలో కలవు. ఆ బొమ్మలలో కనబడు ఫలకములు కొన్ని ఇప్పుడు లోకమున ఎచ్చటను లేవు. రాయి సున్నమైనది, గీసిన గీత మిగిలినది.

ఆనాటివారిని నిందించుట మా ఉద్దేశము గాదు. వారికి ఆ రాతిపై ద్వేషము లేదు. అది రాయి యని తెలిసినది. అందలి రేఖ తెలియలేదు. నేటివారమైన మనము మారితిమని చెప్పుటకును మాకు ధైర్యము చాలదు. కొన్నియేండ్ల క్రిందట ఈ ప్రాంతపు పల్లెలో ఒక పాత భజనమందిరమును చూచుటకు పోయితిమి. గోడలపై పాతకాలపు చిత్రములున్నవని విని వెళ్ళితిమి. మేము చేరునప్పటికి ఉత్సవమునకై గోడలన్నిటికిని తెల్లని సున్నము వేసియున్నారు. ఒక మూల మెట్టు ప్రక్కన కుంచె అందని జానెడు చోటున నెమలిపింఛపు గీత ఒకటి మిగిలియుండెను. ఒక్క చేతివిసురున గీసిన గీత; ఎక్కడను తడబడలేదు. "గోడ శుభ్రంగా వచ్చిందండీ," అని అచ్చటి పెద్ద ఒకరు సంతోషముతో చెప్పిరి. ఆయన సంతోషము నిజమైనదే. ఆయనకు ఏమని చెప్పవలెనో మాకు తోచలేదు. మునుపు రాతిని కాల్చి సున్నము చేసిరి. ఇప్పుడు చిత్రముపై సున్నము పూసిరి. రెండింటికిని కారణము చూడనేరకపోవుటయే. ఆ ఊరిలో పదిమంది ఆ గీతను గుర్తింపగలిగినచో సున్నపుకుంచె ఆ గోడకడ ఆగియుండెడిది. చట్టములు, కాపలాలు, మ్యూజియములు ఆ తరువాతి మాట.

కావున ఈ చదువు ఇంటనే మొదలుకావలెను. ఇందుకు ఖర్చు లేదు. గోడమీది కేలండరు బొమ్మ చాలును. నేడు చేతి ఫోనులో దినమునకు వందల బొమ్మలు వ్రేలిక్రింద జారిపోవుచున్నవి. వాటిలో ఒక్కదానిని నిలిపి చూచినను చాలును. పిల్లలను దగ్గరకు పిలిచి ఇట్లు చేయుడు.

మొదట బొమ్మను తలక్రిందులుగా పట్టుకొని చూడుడు. ముఖములు, పేర్లు మాయమగును. ఆకృతులు, ఖాళీలు మిగులును. రెండవది, కండ్లను సగము మూసి చూడుడు. చిన్న వివరములు కరగిపోయి, వెలుగు ఎచ్చట గుమిగూడినదో, నీడ ఎచ్చట గుమిగూడినదో తేలును. మూడవది, కన్ను మొదట ఎచ్చట నిలిచినదో, పిమ్మట ఎచ్చటికి పోయినదో వ్రేలితో ఆ దారి గీయుడు. ఆ దారి బొమ్మ బయటికి పోయి మరల రాకున్నచో కూర్పులో ఏదో జారినదని తెలిసికొనుడు. నాలుగవది, అరచేతితో ఒక భాగమును మూయుడు. మూసినందున బొమ్మకు ఏ లోటును కలుగలేదేని ఆ భాగము అక్కడ అక్కరలేనిది. కలిగినచో ఆ లోటు తూకమునకు సంబంధించినదా, రంగునకు సంబంధించినదా యని పిల్లలనే అడుగుడు. అయిదవదిగా కథను చెప్పుడు. అప్పుడు ఆ కథను బొమ్మ మాటలు లేకయే ఎట్లు చెప్పినదో వారికే బోధపడును. ఒక్కటి మాత్రము మరువరాదు: వారి సమాధానము మన సమాధానమునకు భిన్నమైనను తొందరపడి దిద్దవలదు. ఎందుకట్లు తోచినదని అడిగి, బొమ్మలో చూపుమనుడు. చూపగలిగినచో వారి సమాధానమునకును చోటు కలదు.

మా మామగారి కంటికి ఆ తరువాత శస్త్రచికిత్స జరిగినది. చూపు తేటపడినది. కొంతకాలమునకు మేము వారి కొట్టునకు పోయినప్పుడు, గోడపై క్రొత్త కేలండరు వ్రేలాడుచుండెను. దేవత చీర ఎరుపు, పూలదండ ఎరుపు, వెనుకటి తెర ఎరుపు. ఆయన కొంతసేపు దానివంక చూచి, "ఎరుపు మరీ ఎక్కువైందిరా అబ్బాయ్. ఇందులో కాసిని తాలుకాయలు కలపాలి. అప్పుడు గానీ ఎరుపు ఎరుపుగా కనపడదు," అనిరి.

జీవితమంతయు తాలుకాయలను ఏరి పారవేసిన మనుష్యుడు ఆ మాట అనుట విని మేము నవ్వితిమి, ఆయనయు నవ్విరి. ఆ బొమ్మ ఏ దేవతదో మాత్రము ఆయన ఆనాడు మమ్ములను అడుగలేదు.